మీటరు బోర్డులో వెలిగిన స్పానర్ గుర్తు గురించి

గాజువాక,
విశాఖపట్నం.

చిరంజీవి మా అమ్మాయికి నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ నేనూ మీ అమ్మా క్షేమం. నిన్న రాత్రి ఫోనులో నువ్వు చెప్పిన సంగతి విన్నప్పటి నుంచి నా మనసు దాని మీదే ఉంది. కారు మీటరు బోర్డులో నారింజ రంగు స్పానర్ గుర్తు వారం రోజులుగా వెలుగుతోందనీ, కొమ్మాదిలో కారు కడిగించడానికి వెళ్ళినప్పుడు అక్కడి కుర్రవాడు ఏదో బటన్ కాసేపు నొక్కి పట్టుకుని దాన్ని పోగొట్టాడనీ చెప్పావు. "ఏడాదిలో రెండువేల కిలోమీటర్లే తిరిగాను కదా నాన్నా, అప్పుడే ఆయిల్ మార్చడమేమిటి?" అని కూడా అడిగావు. నీ ప్రశ్న న్యాయమైనదే, కానీ ఫోనులో రెండు ముక్కల్లో జవాబు చెప్పదగినది కాదు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. చదివాక దీన్ని డాష్‌బోర్డు అరలో సర్వీసు కాగితాలతో పాటు ఉంచు.

ఆ గుర్తు పొరపాటున వెలగలేదమ్మా, వెలగవలసిన సమయానికే వెలిగింది. ఆయిల్ మార్చే సమయం వచ్చిందని గుర్తుచేసే ఏర్పాట్లలో మన కారులో ఉన్నది అన్నిటికంటే సాదాది. ఇంజిన్ లోపలి ఆయిల్‌ను తాకి చూసే పరికరం దానికి ఏదీ లేదు. ఆయిల్ మార్చి రీసెట్ చేసిన, అంటే లెక్కను మళ్ళీ మొదటికి తెచ్చిన, రోజు నుంచి అది రెండు లెక్కలు పక్కపక్కనే నడుపుతుంది. ఒకటి పదివేల కిలోమీటర్లు, రెండవది పన్నెండు నెలలు. వీటిలో ఏది ముందు నిండితే అప్పుడు గుర్తు వెలిగిస్తుంది. కారు నీకిచ్చే ముందు, గత సంవత్సరం జూలైలో, రీడింగు 38,400 ఉన్నప్పుడు నేను ఆయిల్ మార్పించాను. ఇప్పుడు రీడింగు 40,500 అన్నావు. కిలోమీటర్ల లెక్కలో ఇంకా 7,900 మిగిలే ఉన్నాయి, నెలల లెక్క మాత్రం నిండిపోయింది.

తిరగని బండికి నెలల లెక్క ఎందుకు అన్నదే కదా నీ సందేహం. కారు తయారుచేసేవారు దాన్ని ఊరికే పెట్టలేదు, సరిగ్గా నీలాగా కారు నడిపేవారి కోసమే పెట్టారు. నీ ఇంటి నుంచి రుషికొండలో నీ ఆఫీసుకు నాలుగు కిలోమీటర్లు. ఉదయం చల్లగా ఉన్న ఇంజిన్‌ను స్టార్ట్ చేస్తావు, పావుగంటలో చేరి ఆపేస్తావు. సాయంత్రానికి అది మళ్ళీ చల్లబడి ఉంటుంది, మళ్ళీ స్టార్ట్ చేస్తావు. ఏడాదికి 250 పనిదినాలు అనుకుంటే 500 సార్లు ఇంజిన్ చల్లగా మొదలై, ఆయిల్ బాగా వేడెక్కకముందే ఆగిపోయింది. రెండువేల కిలోమీటర్లన్నది చిన్న అంకెగానే కనిపిస్తుంది, కానీ ఆ ఆయిల్ పడిన శ్రమ ఆ అంకెలో కనబడదు.

ఒక లీటరు పెట్రోలు పూర్తిగా మండితే దాదాపు ఒక లీటరు నీరు పుడుతుంది. నమ్మడానికి కష్టంగా ఉన్నా ఇది రసాయనశాస్త్రం చెప్పే లెక్క. పెట్రోలులోని హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఆవిరి అవుతుంది. అందులో చాలా భాగం సైలెన్సర్ గుండా బయటికి పోతుంది. కొంత మాత్రం పిస్టన్ రింగుల పక్కనుంచి కిందికి జారి, ఆయిల్ ఉండే సంప్‌లోకి చేరుతుంది. దానితో పాటు మండకుండా మిగిలిన కొద్దిపాటి పెట్రోలూ, ఆమ్లగుణం గల వాయువులూ చేరతాయి. ఆయిల్ 100 డిగ్రీల దగ్గరికి వేడెక్కి, అలా కొంతసేపు నడిస్తే ఈ నీరూ పెట్రోలూ ఆవిరై, గాలిగొట్టం ద్వారా తిరిగి ఇంజిన్‌లోకే వెళతాయి. అక్కడ పెట్రోలు మండిపోతుంది, నీటి ఆవిరి సైలెన్సర్ గుండా బయటికి పోతుంది. నాలుగు కిలోమీటర్లలో ఆ వేడి రాదు. మీటరులో టెంపరేచర్ ముల్లు మధ్యకు వచ్చింది కదా అని నువ్వు అనవచ్చు. ఆ ముల్లు చూపేది రేడియేటర్ నీటి వేడిని. ఆయిల్ దానికంటే చాలా నెమ్మదిగా వేడెక్కుతుంది. మన విశాఖలో మంచు కురవదు కాబట్టి చలిదేశాలలో ఉన్నంత ఇబ్బంది మనకు లేదు. కానీ పావుగంట ప్రయాణం మాత్రం ఏ ఊళ్ళోనైనా పావుగంటే.

ఇది నీ కళ్ళతో నువ్వే చూడవచ్చు. బానెట్ ఎత్తి, ఆయిల్ పోసే మూత తిప్పి తీసి, దాని లోపలివైపు చూడు. పాలమీగడ రంగులో జిడ్డుగా పలచని పూత కనిపిస్తే అది ఆయిల్‌లో కలిసిన నీరు. పొట్టి ప్రయాణాలు చేసే కార్లలో ఇది తరచుగా కనిపించేదే, చూసి హడలిపోకు. మూత మీద మాత్రమే కాక, ఆయిల్ ఎంత ఉందో చూసే పుల్ల డిప్‌స్టిక్‌కు అంటిన ఆయిల్ కూడా అలా పాలలా ఉంటే, లేదా రేడియేటర్ నీరు తగ్గుతూ ఉంటే, అప్పుడు కారు కదపకుండా నాకు ఫోను చెయ్యి.

కిలోమీటర్లు ఆయిల్ వయసును సరిగ్గా చెప్పవన్న సంగతి నేను ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదిలోనే నేర్చుకున్నాను. రేవు పనుల్లో వాడే డీజిల్ యంత్రాలు మా వర్క్‌షాప్‌కు వచ్చేవి. వాటికి కిలోమీటర్ల లెక్క ఉండదు, గంటల మీటరు ఉంటుంది. ఒకేచోట నిలబడి రోజంతా బొగ్గు ఎత్తే యంత్రం ఎన్ని కిలోమీటర్లు తిరిగిందని అడగడంలో అర్థం లేదు కదా. వాటిలో చాలావాటికి 250 గంటలకొకసారి ఆయిల్ మార్చేవాళ్ళం. ఇప్పుడు అదే 250 గంటలను కారుకు వేసి చూడు. హైవే మీద గంటకు సగటున 60 కిలోమీటర్లు నడిచే కారు ఆ వ్యవధిలో 15,000 కిలోమీటర్లు వెళుతుంది. ఎన్‌ఏడీ కూడలి, కంచరపాలెం, జగదాంబ జంక్షన్‌ల మధ్య ఆగుతూ సాగుతూ గంటకు 20 కిలోమీటర్లే కదిలే కారు అదే వ్యవధిలో 5,000 దాటదు. ఇంజిన్ పనిచేసిన కాలం రెండింటికీ ఒకటే, మీటరు మీద అంకె మాత్రం మూడింతల తేడా. మాన్యువల్ చివరి పేజీల్లో పొట్టి ప్రయాణాలకూ, దుమ్ము రోడ్లకూ, ఆగి ఆగి నడిచే ట్రాఫిక్‌కూ వేరే పట్టిక ఒకటి ఉంటుంది. అందులో గడువు బాగా తక్కువగా ఉంటుంది. ఆ పట్టిక వేరెవరికోసమో అనుకుని మనలో చాలామంది చదవకుండా వదిలేస్తారు. నగరంలో నడిచే మన కార్లలో చాలావరకు ఆ పట్టిక కిందికే వస్తాయని నా నమ్మకం.

ఈ లోపాన్ని దిద్దడానికే కొన్ని కంపెనీలు ఇంతకంటే తెలివైన లెక్క తయారుచేశాయి. అమెరికాలో జనరల్ మోటార్స్ సంస్థ పరిశోధనశాలలో షిర్లీ ష్వార్ట్జ్ అనే రసాయన శాస్త్రవేత్త, ఆమె సహచరులు కలిసి చేసిన పని ఇందులో ముఖ్యమైనది. ఇంజిన్‌కు మేలు చేయడానికి ఆయిల్‌లో కలిపే రసాయనాలు, అంటే మందులు, ఎంత వేగంగా ఖర్చవుతాయో వారు నిజమైన కార్లలో, రకరకాల ప్రయాణాల్లో పరిశీలించారు. ఇంజిన్ ఎన్ని చుట్లు తిరిగింది, ఆ సమయంలో ఆయిల్ ఎంత వేడిగా ఉంది అన్న రెండు సంగతులు తెలిస్తే మిగిలిన ఆయుష్షును చాలావరకు అంచనా వేయవచ్చని తేల్చారు. 1980ల చివర ఆ ఏర్పాటు వారి కార్లలోకి వచ్చింది. ఆయిల్ చల్లగా ఉన్నప్పుడు తిరిగిన ప్రతి చుట్టునూ, మితిమీరి వేడెక్కినప్పుడు తిరిగిన ప్రతి చుట్టునూ ఆ కంప్యూటర్ ఒకటి కంటే ఎక్కువ చుట్లుగా లెక్కించి, నూరు శాతం నుంచి తీసివేస్తూ పోతుంది. చల్లదనం వల్ల నీరూ పెట్రోలూ చేరతాయి. అతి వేడి వల్ల ఆయిల్ గాలితో కలిసి చిక్కబడుతుంది. అందుకే రెండు కొసలకూ అదనపు కోత పడుతుంది. ఇవాళ చాలా కార్ల తెరల మీద 'ఆయిల్ లైఫ్ ఇంత శాతం' అని కనిపించేది ఈ తరహా లెక్కే. కొన్ని జర్మనీ కార్లలో సంప్ అడుగున ఒక సెన్సర్ ఉంచి ఆయిల్ విద్యుత్ గుణం ఎలా మారిందో కూడా కొలిచారు. అది ఆయిల్‌ను నిజంగా తాకి చూసే పద్ధతి, కానీ రోడ్ల మీద తిరిగే కార్లలో అలాంటివి తక్కువ.

ఆయిల్‌ను తాకి చూడని లెక్క ఎంత తెలివైనదైనా, మన సాదా లెక్కయినా, ఒక విషయంలో రెండూ సమానమే. ఆయిల్ మారిందో లేదో ఆ కంప్యూటర్‌కు తెలియదు. మార్చామని మనం చెబితే నమ్ముతుంది. ఆ చెప్పడమే రీసెట్. కొమ్మాదిలో ఆ కుర్రవాడు చేసిన పని అదే. అతను దీపం ఆర్పాననుకున్నాడు, నువ్వూ అలాగే అనుకున్నావు. నిజానికి అతను కారుకు 'ఈ రోజు కొత్త ఆయిల్ పోశాం' అని ఒక అబద్ధం చెప్పాడు. దాంతో కారు మరో పన్నెండు నెలలు, మరో పదివేల కిలోమీటర్లు నిశ్చింతగా ఊరుకుంటుంది. అతన్ని తప్పుపట్టకు, మేలు చేశాననుకునే చేశాడు. నాకు ఇందులో బాధ కలిగించేది ఒక్కటే. నువ్వు నాకు చెప్పి ఉండకపోతే, ఆ ఆయిల్ రెండేళ్ళ వరకు అందులోనే ఉండేది. మార్చమని అడిగేవారు ఎవరూ ఉండేవారు కాదు.

ఇంతకంటే మనసు నొప్పించిన అనుభవం నాకు ఒకటి ఉంది. దాన్ని నీకు ఎప్పుడూ చెప్పలేదు. నువ్వు ఇంటర్ చదివే రోజుల్లో మన పాత కారును ఒక వర్క్‌షాప్‌లో సర్వీసుకు ఇచ్చాను. సాయంత్రం తెచ్చుకున్నప్పుడు గుర్తు ఆరిపోయి ఉంది, బిల్లులో ఆయిలూ ఫిల్టరూ రాసి ఉన్నాయి. అంతకుముందు సర్వీసులో ఆయిల్ ఫిల్టర్ మీద నేను తెల్ల పెయింటుతో చిన్న చుక్క పెట్టుకున్నాను. ఉద్యోగంలో అలవాటైన పద్ధతి అది. ఇంటికి వచ్చి టార్చి వేసి చూస్తే ఆ చుక్క అక్కడే ఉంది. మరుసటి రోజు వెళ్ళి అడిగాను. వాళ్ళు పొరపాటు జరిగిందని చెప్పి, నా కళ్ళ ముందే ఆయిల్ దించి మార్చారు. డబ్బు పోయిందని నేను బాధపడలేదు. ఇంట్లో అందరినీ ఎక్కించుకుని మర్నాడే శ్రీకాకుళం బయలుదేరవలసిన కారు అది, నేను చూడకపోతే అలాగే బయలుదేరేవాళ్ళం. అప్పటినుంచి ఆయిల్ దిగేటప్పుడు పక్కన నిలబడని రోజు నాకు లేదు. నువ్వు కూడా నిలబడు. డ్రెయిన్ బోల్టు విప్పడం, పాత ఫిల్టర్ ఊడదీయడం, మాన్యువల్‌లో రాసిన గ్రేడ్ ఆయిల్ సీలు తీసిన డబ్బాలోంచి పోయడం, ఈ మూడూ చూడడానికి అరగంట చాలు. ఆడపిల్ల అక్కడ నిలబడడమేమిటని ఎవరైనా అనుకుంటే అనుకోనీ.

స్పానర్ గుర్తుతో పాటు ఇంకో దీపం సంగతి నువ్వు తప్పక తెలుసుకోవాలి. చిన్న నూనెకూజా ఆకారంలో, కొస నుంచి ఒక చుక్క జారుతున్నట్టుగా ఎర్రగా వెలిగే గుర్తు అది. తాళం తిప్పగానే ఒకసారి వెలిగి, ఇంజిన్ స్టార్ట్ కాగానే ఆరిపోతుంది. దానికీ నెలల లెక్కకూ సంబంధం లేదు. ఇంజిన్‌లో ఆయిల్ ఒత్తిడి ఉండవలసినదానికంటే పడిపోయిందని ఒక స్విచ్ నేరుగా చెప్పే మాట అది. స్పానర్ గుర్తు వెలిగితే ఆ వారంలో వీలు చూసుకోవచ్చు. ఎర్ర కూజా వెలిగితే ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయకూడదు. బీచ్ రోడ్డు మీద ఉన్నా, హనుమంతవాక దగ్గర ట్రాఫిక్‌లో ఉన్నా, పక్కకు తీసి ఇంజిన్ ఆపెయ్యి. ఇల్లు అర కిలోమీటరే ఉంది, చేరిపోదాం అనుకోవద్దు. ఆయిల్ అందని ఇంజిన్ ఆ కాస్త దూరంలోనే పాడైపోగలదు.

అలాగే మన కారు స్పానర్ గుర్తుకు ఆయిల్ ఎంత ఉందో కూడా తెలియదు. తగ్గుతూ ఉన్నా అది మౌనంగానే ఉంటుంది. కాబట్టి నెలకొకసారి, కారును చదునైన చోట ఆపి, ఇంజిన్ ఆపిన ఐదు పది నిమిషాల తర్వాత డిప్‌స్టిక్ తీసి, గుడ్డతో తుడిచి, మళ్ళీ పూర్తిగా దింపి తీసి చూడు. రెండు గీతల మధ్య ఉంటే చాలు. అపార్ట్‌మెంట్ సెల్లార్‌కు దిగే వాలు మీద చూడకు, లెక్క తప్పుతుంది. పై గీత దాటి ఉంటే సంతోషించకు. ఎవరూ పోయకుండా ఆయిల్ పెరిగిందంటే అందులో పెట్రోలు కలుస్తోందేమోనని అనుమానించాలి. రంగు నల్లబడిందని మాత్రం కంగారు పడవలసిన పని లేదు. మసిని తనలో నిలుపుకోవడం మంచి ఆయిల్ చేయవలసిన పనే. వేళ్ళ మధ్య రుద్ది ఆయిల్ బాగుందో లేదో చెప్పేవారు మా వర్క్‌షాప్‌లో ఉండేవారు. వారి అనుభవాన్ని గౌరవిస్తూనే చెబుతున్నాను, వేళ్ళతో ఆమ్లాన్ని కొలవలేం.

వీలైతే నెలకు రెండుసార్లయినా కారును దూరం తిప్పు. విజయనగరంలో మీ మేనత్త నిన్ను ఎన్నిసార్లు రమ్మన్నదో నీకు తెలుసు. ఆనందపురం మీదుగా ఆగకుండా వెళ్ళి వస్తే ఆయిల్ పూర్తిగా వేడెక్కి, చేరిన తేమ చాలావరకు పోతుంది. అంతమాత్రాన ఏడాది గడువును దాటించవచ్చని అనుకోవద్దు. తేమ పోతుంది కానీ ఖర్చయిపోయిన మందులు తిరిగి రావు.

ఈ ఆదివారం ఉదయం ఎండ ముదరకముందే కారు తీసుకుని ఇంటికి రా. గాజువాక చేరేసరికి ఆయిల్ వేడిగా ఉంటుంది, వేడి మీద పలచగా పూర్తిగా దిగుతుంది. ఫిల్టరూ, డ్రెయిన్ బోల్టు వాషరూ నేను శనివారమే కొని ఉంచుతాను. ఆయిల్ మార్చడం పూర్తయ్యాక రీసెట్ నీ చేత్తో నువ్వే చేయాలి. మన కారులో ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం ఆన్ చేసి ట్రిప్ బటన్ నొక్కి పట్టుకోవాలి, వివరం మాన్యువల్‌లో ఉంది. ఆ తర్వాత తేదీ, రీడింగు, ఆయిల్ గ్రేడ్ ఒక చీటీ మీద రాసి డ్రైవరు తలుపు లోపలి అంచున అంటిద్దాం. ఎవరైనా మళ్ళీ ఏదైనా బటన్ నొక్కినా ఆ చీటీ చెరగదు. వచ్చేటప్పుడు సర్వీసు పుస్తకం మరచిపోకు. మీ అమ్మ నీకోసం పనసపొట్టు కూర చేస్తానంటోంది.

ఇట్లు,
ఆశీస్సులతో
మీ నాన్న