విశాఖ జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారి గారికి బహిరంగ లేఖ

నమస్కారం.

ఇక లాభం లేదని చెప్పిన డాక్టర్లే, వెంటిలేటర్ తీయమంటే "కేసవుతుందండీ" అన్నారు. లోపల నాన్నగారి చేతులు ఉబ్బిపోయి మంచానికి కట్టేసి ఉన్నాయి. బయట అమ్మ చేతిలో గాజుల తాకట్టు రసీదు.

చట్టం ఇంత టెన్షన్ పెట్టదు. కోలుకోలేని రోగికి చికిత్స ఆపేందుకు సుప్రీంకోర్టు 2018లోనే దారి చూపింది, 2023లో సులువు చేసింది. ముందు ఆసుపత్రి డాక్టర్ల బోర్డు సరే అనాలి, తర్వాత రెండో డాక్టర్ల బోర్డు. ఒక్కొక్కటి వీలైనంతవరకు 48 గంటల్లో తేల్చాలి. రెండోదాంట్లో ఒక డాక్టరును నామినేట్ చేయాల్సింది జిల్లా వైద్యాధికారే, అంటే మీరే. అర్ధరాత్రి ఎవరికి ఫోన్ చేయాలో కేజీహెచ్ పెద్దాసుపత్రిలోనూ, ప్రైవేటు ఐసీయూల బయటా నోటీసు బోర్డు పెట్టించండి.

చికిత్స ఆపినా నొప్పి మందు ఆపొద్దనీ రాయించండి. కోలుకోలేని స్థితి వస్తే ఏ చికిత్స వద్దో ముందే రాసి, నోటరీ చేయించిన ముందస్తు వీలునామాను (లివింగ్ విల్) నగరపాలక సంస్థ జీవీఎంసీలో ఎవరు తీసుకుంటారో కమిషనర్ గారితో ప్రకటన ఇప్పించండి. అమ్మ తనది రాసి సిద్ధంగా ఉంచుకుంది.

— మద్దిలపాలెం నివాసి