చిప్ ముందు, టీకా తర్వాత

సంపాదకుల వారికి,

నమస్కారం. మా ఇంటికి రెండు వీధుల అవతల ఒక అపార్ట్‌మెంట్ గేటు దగ్గర రెండు నెలలుగా ఒక లాబ్రడార్ కుక్క కూర్చుని ఉంటోంది. పొద్దున్నే గోదావరి గట్టు మీద నడకకు వెళ్లేటప్పుడు, వచ్చేటప్పుడు దాన్ని చూస్తున్నాను. కారు ఆగినప్పుడల్లా లేచి నిలబడుతుంది. దిగినవాళ్లను వాసన చూసి మళ్లీ అక్కడే పడుకుంటుంది. దాన్ని పెంచినవాళ్లు ఇంగ్లండు వెళ్లిపోయారని వాచ్‌మన్ చెప్పాడు. వాళ్లను తిట్టనివాళ్లు మా పేటలో లేరు. నేనూ తిట్టాను. తర్వాత ఇంటికొచ్చి, ఈ ఏడాది మా మల్లిని అమెరికా పంపడానికి నేను పడ్డ పాట్లు తలుచుకుంటే, ముందు వాళ్ల సంగతేమిటో కనుక్కోవాలి కదా అనిపించింది. ఈ ఉత్తరం కాస్త పెద్దదే. వీలైతే కుదించకుండా వేయండి.

మల్లి నాటు కుక్క. మా అమ్మాయి హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే రోజుల్లో మియాపూర్‌లో వాళ్ల అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో వానకు తడుస్తూ దొరికింది. ఒళ్లంతా తెలుపు, ఎడమ చెవి ఒక్కటే గోధుమరంగు. 2025 సంక్రాంతి వెళ్లగానే అమ్మాయి, అల్లుడు డాలస్‌కు వెళ్లారు. "టీకాలన్నీ అయ్యాయమ్మా, పుస్తకం ఇదిగో, రెండు నెలల్లో తీసుకెళ్లిపోతాం" అని మల్లిని రాజమహేంద్రవరంలో నా దగ్గర దింపి వెళ్లారు. ఆ రెండు నెలలు తొమ్మిది నెలలయ్యాయి. అందులో ఎక్కువ భాగం ఒక్క పొరపాటు వల్లే పోయింది.

అమెరికా 2024 ఆగస్టు 1 నుంచి బయటి దేశాల కుక్కల విషయంలో నిబంధనలు బిగించింది. రేబిస్ ఎక్కువగా ఉన్న దేశాల జాబితాలో మన దేశం ఉంది. ఇక్కడ టీకా వేయించుకున్న కుక్క అక్కడ దిగాలంటే దానికి ఆరు నెలల వయసు నిండాలి, మైక్రోచిప్ ఉండాలి, చిప్ వేయించాక రేబిస్ టీకా వేయించాలి. ఆ టీకా పట్టిందో లేదో వాళ్లు గుర్తించిన ల్యాబ్‌లో రక్తపరీక్ష చేయించాలి. పరీక్ష లేకపోతే అక్కడ దిగాక 28 రోజులు క్వారంటైన్, అదీ మన ఖర్చుతోనే.

చిప్ అంటే ఏదో పెద్ద యంత్రం అనుకున్నాను నేను. బియ్యపు గింజంత ఉంటుంది. భుజాల మధ్య చర్మం కింద సూదితో వేస్తారు. కుక్క ఎక్కడుందో అది చెప్పదు. స్కానర్ దగ్గర పెడితే 15 అంకెల నంబరు ఒకటి కనిపిస్తుంది, అంతే. కానీ ఆ నంబరు లేనప్పుడు వేసిన టీకా ఏ కుక్కకు వేశారో ఎవరూ రుజువు చేయలేరు. మల్లి పుస్తకంలో "తెలుపు, ఆడ, నాటు జాతి" అని రాసి ఉంది. మా వీధిలో అలాంటివి నాలుగున్నాయి. అందుకే చిప్ లేనినాటి టీకాను అమెరికా లెక్కలోకి తీసుకోదు. యూరప్ దేశాలూ, బ్రిటన్ కూడా అంతే.

మల్లికి టీకా నవంబరులో పడింది. చిప్ ఫిబ్రవరిలో వేయించాను. నేను వెళ్లిన క్లినిక్‌లో డాక్టరు గారు పుస్తకం చూసి, టీకాకు ఇంకా గడువుంది, మళ్లీ అక్కర్లేదన్నారు. అదే రోజు రక్తం తీసి యూరప్‌లోని ల్యాబ్‌కు పంపించారు. రేబిస్‌ను ఎదుర్కొనే యాంటీబాడీలు మిల్లీలీటరుకు 0.5 అంతర్జాతీయ యూనిట్లు ఉంటే చాలు, మల్లికి అంతకంటే బాగా ఎక్కువే వచ్చింది. ఆ రాత్రి అమ్మాయికి ఫోన్ చేసి పండగలా చెప్పాను. రెండు రోజుల తర్వాత వీడియో కాల్‌లో ఇద్దరం ఫారం నింపుతున్నాం. చిప్ వేసిన తేదీ, టీకా తేదీ పక్కపక్కన వచ్చాయి. అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. "అమ్మా, టీకా తేదీ ముందుందే" అంది. కట్టిన డబ్బు, తీసిన రక్తం, ఎదురుచూసిన వారాలు అన్నీ పోయాయి.

మార్చి చివర్లో మళ్లీ టీకా. 30 రోజులు ఆగితేగానీ రక్తం తీయకూడదు. మే మొదట్లో తీయించాను. రక్తం తీసిన రోజు నుంచి కనీసం 28 రోజులు గడవాలి. కాగితాలు చేతికొచ్చేసరికి ఎండలు ముదిరాయి. మేం మాట్లాడుకున్న విమానం మధ్యలో ఎడారి దేశంలో ఆగుతుంది, అక్కడ వేడి తగ్గేదాకా కుక్కలను ఎక్కించుకోబోమన్నారు. వాళ్లన్నది న్యాయమే. రన్‌వే పక్కన బోనులో కుక్కకు వడదెబ్బ తగిలితే చూసేదెవరు? ఫిబ్రవరిలో ఆ రోజే చిప్ వెంట టీకా కూడా వేసి ఉంటే ఏప్రిల్ చివరికల్లా మల్లి వెళ్లిపోయేది.

ఆ డాక్టరు గారి మీద నాకు కోపం లేదు. మల్లికి పార్వో అనే వైరస్ జబ్బు వచ్చినప్పుడు రాత్రి పదకొండింటికి తలుపు తీసి సెలైన్ పెట్టిన మనిషి ఆయన. ఆయనకు ఎవరూ చెప్పలేదు, ఎక్కడా రాసి లేదు. నా బాధంతా అదే.

ఖాళీగా పోయిన ఆ నెలల్లో జరిగిన మంచి ఒకటుంది, బోను అలవాటు. విమానంలో వెళ్లే బోనుకు అంతర్జాతీయ విమాన రవాణా సంఘం పెట్టిన కొలతలున్నాయి. నా కుట్టుమిషను టేపుతోనే కొలిచాను. ముక్కు కొస నుంచి తోక మొదలు దాకా 72 సెంటీమీటర్లు. నేల నుంచి ముందుకాలి మోచేయి దాకా 28. అందులో సగం మొదటిదానికి కలిపితే బోను పొడవు 86. భుజాల వెడల్పు 19, దానికి రెట్టింపు బోను వెడల్పు. ఎత్తు మాత్రం నిలబడినప్పుడు తల, చెవుల కొసలు, ఈ రెంటిలో ఏది పైకి ఉంటే దాని దాకా కొలవాలి. మల్లి చెవులు నిక్కపొడుచుకుని ఉంటాయి కాబట్టి 64 వచ్చింది. లోపల కుక్క నిలబడాలి, వెనక్కి తిరగాలి, కాళ్లు చాపి పడుకోవాలి. ఇవి లోపలి కొలతలని దుకాణంలో ఒకటికి రెండుసార్లు చెప్పండి. మాకు మొదట బయటి కొలతలతో వచ్చింది, తిప్పి పంపాం.

బోను హాల్లో పెట్టగానే మల్లి వంటింట్లోకి వెళ్లి పొయ్యిగట్టు కింద దూరింది. నాలుగు రోజులు హాల్లోకే రాలేదు. తలుపు ఊడదీసి పక్కన పెట్టేశాను. అన్నం గిన్నె ముందు బోనుకు రెండడుగుల దూరంలో, తర్వాత గుమ్మంలో, పది రోజులకు లోపల పెట్టాను. ముందు రెండు కాళ్లు లోపలేసి, మెడ సాచి పెరుగన్నం తిని వెనక్కి దూకేది. అమ్మాయి వదిలేసి వెళ్లిన పాత నేత చీర ఒకటి బీరువాలో ఉంటే, ఉతక్కుండా మడిచి అడుగున పరిచాను. ఆ మధ్యాహ్నం నేను కునుకు తీసి లేచేసరికి మల్లి లోపల ముడుచుకుని పడుకుని ఉంది, ముక్కు ఆ చీర మడతలో. తలుపు మళ్లీ బిగించడానికి ఇంకో నెల పట్టింది. ముందు ఒక నిమిషం, తర్వాత ఐదు, ఆ తర్వాత నేను కూరగాయలకు వెళ్లొచ్చేంతసేపు. ఆటోలో బోనుతో సహా గట్టు దాకా తిప్పాను, కుదుపు అలవాటు కావాలని. గ్రిల్లుకు తగిలించే గిన్నెలో నీళ్లు తాగడం కూడా నేర్పాల్సి వచ్చింది. దానికి అప్పటిదాకా మట్టి మూకుడే తెలుసు.

నిద్రమాత్ర ఇచ్చి పంపమని చాలామంది చెప్పారు. దయచేసి ఆ పని చేయకండి. మత్తులో రక్తపోటు పడిపోతుంది, ఊపిరికి ఇబ్బంది అవుతుంది, బోను ఒరిగినప్పుడు కుక్క కాళ్లు నిలదొక్కుకోలేదు. గాల్లో ఉండగా చూసేవాళ్లు ఉండరు. మత్తులో ఉన్న జంతువును విమాన సంస్థలు వెనక్కి పంపేస్తాయి కూడా. పగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలకైతే మామూలుగానే ఊపిరి కష్టం, వాటిని చాలా సంస్థలు అసలు తీసుకోవు.

అక్టోబరులో ఒక రాత్రంతా కారులో శంషాబాద్ వెళ్లాం. అక్కడ కేంద్ర ప్రభుత్వ జంతు క్వారంటైన్ విభాగం ఉంది. దేశం దాటే ప్రతి కుక్కకూ, పిల్లికీ వాళ్ల ధ్రువపత్రం కావాలి. డాక్టరు గారు మల్లి భుజాల మీద స్కానర్ ఆడించారు. మొదటిసారి ఏమీ రాలేదు. నాకు కాళ్లలో సత్తువ పోయింది. రెండోసారి ఇంకాస్త కిందికి ఆడిస్తే టిక్కుమని నంబరు వచ్చింది. ఒక్కొక్క అంకె నేను పైకి చదివాను, ఆయన కాగితంలో చూశారు. పదిహేనూ సరిపోయాయి. అమెరికా ఫారం మీద కూడా అక్కడే సంతకం, ముద్ర.

డాలస్‌లో నేరుగా దించడానికి లేదు. మన దేశం నుంచి వెళ్లే కుక్కలు న్యూయార్క్, వాషింగ్టన్, అట్లాంటా లాంటి కొన్ని విమానాశ్రయాల్లోనే దిగాలి. అక్కడ అనుమతి ఉన్న జంతు సంరక్షణ కేంద్రంలో ముందే చోటు బుక్ చేసుకోవాలి. మల్లి అట్లాంటాలో దిగింది. పరీక్ష చేసి, చిప్ చూసి, అక్కడి టీకా మరొకటి వేసి వదిలారు. అమ్మాయి, అల్లుడు పన్నెండు గంటలకు పైగా కారు నడుపుకుంటూ వెళ్లి తెచ్చుకున్నారు.

మిగతా దేశాల గురించి నాకు తెలిసినంత చెబుతాను. యూరప్‌కైనా, బ్రిటన్‌కైనా రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలలు ఆగాలి. బ్రిటన్‌కు విమానంలో కార్గోగానే పంపాలి, చేరడానికి 24 గంటల నుంచి 120 గంటల ముందు బద్దెపురుగుల మందు డాక్టరు చేత వేయించి రాయించాలి. ఆస్ట్రేలియాకు మన దేశం నుంచి నేరుగా వీల్లేదు. ముందు వాళ్లు ఆమోదించిన ఇంకో దేశంలో కుక్కను నెలల తరబడి ఉంచి, ఆ తర్వాత అక్కడ క్వారంటైన్‌లో పెట్టాలి. మెల్‌బోర్న్ వెళ్లేవాళ్లు ఇది ముందే తెలుసుకుని, కుక్కను ఇక్కడ ఎవరి దగ్గర ఉంచాలో ఆలోచించుకోవాలి.

పశుసంవర్ధక శాఖ అధికారులకు నా విన్నపం ఒకటే. ప్రతి పశువైద్యశాలలో, ప్రతి ప్రైవేటు క్లినిక్‌లో తెలుగులో ఒక బోర్డు పెట్టించండి: "మీ కుక్కను విదేశానికి తీసుకెళ్లే అవకాశం ఉంటే ముందు చిప్, ఆ తర్వాతే రేబిస్ టీకా." ఈ ఒక్క వాక్యం చాలు. పిల్లలు బయటి దేశంలో లేని ఇల్లు మన జిల్లాల్లో ఇప్పుడెక్కడుంది? కుక్కపిల్లకు మొదటి రేబిస్ టీకా వేసేటప్పుడే డాక్టర్లు ఆ మాట అడిగితే ఇంకా మంచిది. చిప్ నంబరు స్టిక్కరు టీకా స్టిక్కరు పక్కనే అంటించి తేదీలు వేయాలి. వీసా మాట ఇంట్లో పుట్టిన రోజే కుక్క కాగితాల మాట కూడా ఎత్తండని ఇళ్లలోవాళ్లకు చెబుతున్నాను. టికెట్టు కొన్నాక మొదలుపెడితే ఏ దేశానికీ కుదరదు.

పెంపుడు జంతువును ఆకలికీ దాహానికీ వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరమే. మొదటిసారికి జరిమానా యాభై రూపాయలకు మించదు. ఆ యాభై రూపాయలకు భయపడి ఎవరూ ఆగరు.

లాబ్రడార్ వాళ్ల ఫోన్ నంబరు వాచ్‌మన్ దగ్గర తీసుకుని పోయిన వారం మాట్లాడాను. బర్మింగ్‌హామ్‌లో ఉంటున్నారట. ప్రయాణానికి పది రోజుల ముందు ఎవరినో అడిగితే కుదరదన్నారట. ఆ పది రోజుల్లో కుదరదనో, ఇక ఎప్పటికీ కుదరదనో వీళ్లు అడగలేదు, వాళ్లు చెప్పలేదు. చూసుకుంటానని మాటిచ్చిన బంధువు పదిహేను రోజులకే గేటు దగ్గర వదిలేశాడన్న సంగతి వాళ్లకు నేను చెప్పేదాకా తెలియదు. ఆ అమ్మాయి ఫోన్‌లో చాలాసేపు ఏడ్చింది. బ్రిటన్ నిబంధన ప్రకారం యజమాని ప్రయాణానికీ కుక్క ప్రయాణానికీ మధ్య ఐదు రోజులకు మించి తేడా ఉండకూడదు, అందుకని ఆమె భర్త ఏప్రిల్ నెలాఖరులో స్వయంగా వస్తానన్నాడు. నిన్నటి నుంచి ఆ కుక్క మా వరండాలో ఉంది. సోమవారం చిప్ వేయిస్తున్నాను. నంబరు స్కానర్‌లో చూసుకుని పుస్తకంలో రాయించాక, ఆ తర్వాతే టీకా.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయిని,
దానవాయిపేట, రాజమహేంద్రవరం