బొమ్మలాట, తోడేలు, మొదటి పీరియడ్

తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన శుక్రవారం ఎల్‌కేజీ నుంచి రెండో తరగతి దాకా పిల్లలను నల్లగొండలోనే జరిగిన బొమ్మలాటకు తీసుకెళ్లాం. అక్కడ కొందరు చిన్నపిల్లలు ఏడుస్తున్న వీడియో తెల్లారేసరికి వాట్సాప్ గ్రూపులన్నిట్లో తిరిగింది. "చదువు మానిపించి ఇవన్నీ ఎందుకు?" అని కొందరు, "మా బాబు రాత్రి సరిగా పడుకోలేదు" అని కొందరు రాశారు. అందుకే జరిగింది జరిగినట్టు చెబుతున్నాను.

కళాకారులు ఆడించింది మన లైబ్రరీలో ఉన్న బొమ్మల పుస్తకాల కథలే. ఆఖరి కథలో ఒక మేకపిల్ల మెడలోని గంట పారేసుకుంటుంది. చీకట్లో వెతుక్కుంటుంటే గుట్ట వెనక నుంచి తోడేలు వస్తుంది. లైట్లు తగ్గాయి, తోడేలు అరిచింది, కొందరు ఏడ్చారు. వెంటనే లైట్లు వేసి, కళాకారులు బొమ్మను పిల్లల మధ్యకే తెచ్చారు. పాత గొంగడి ముక్క, ఒక అట్ట, కళ్లకు రెండు సీసా మూతలు, అంతే. అందరికంటే గట్టిగా ఏడ్చిన యూకేజీ బాబే దాన్ని చేతికి తొడుక్కుని వాళ్ల టీచర్‌ను బెదిరించాడు. ఆ భాగం వీడియోలో లేదు.

ఏడ్చింది ఎవరెవరని టీచర్లను అడిగాను. ఈ కథను ముందు వారమంతా రోజూ మొదటి పీరియడ్‌లో చదివి వినిపించాం. విన్న పిల్లలు తోడేలు రాకముందే "వస్తుంది చూడు, ఇప్పుడొస్తుంది" అని పక్కవాళ్లకు చెప్పారు, మేకపిల్లకు దారి చూపించారు. ఏడ్చినవాళ్లలో ఎక్కువమంది ప్రేయర్ అయిపోయాక గేటు దగ్గర దిగేవాళ్లు, పెళ్లికని వారమంతా ఊరెళ్లినవాళ్లు. మీ పనులు, ప్రయాణాలు నాకు తెలియనివి కావు. కానీ చిన్న తరగతుల్లో మొదటి పీరియడ్ కథ టైమ్‌పాస్ కాదు. దయచేసి 9 గంటలకల్లా పిల్లలను పంపండి.

బొమ్మల పుస్తకం గురించి నేను ఎంత చెప్పినా తక్కువే. అక్షరం రాని బిడ్డ కూడా బొమ్మ చూసి తర్వాత ఏం జరుగుతుందో ఊహిస్తుంది, పేజీ తిప్పి తన ఊహ సరైందో కాదో చూసుకుంటుంది. చదవడం అక్కడే మొదలవుతుంది. 2021లో కేంద్రం మొదలుపెట్టిన చదువుల పథకం నిపుణ్ భారత్ కూడా మూడో తరగతి పూర్తయ్యేలోపు ప్రతి బిడ్డా అర్థం చేసుకుంటూ చదవాలనే అడుగుతోంది. అర్థం కావాలంటే కథ కావాలి. ఆ కథ కళ్లముందు నడిచి, మాట్లాడితే పిల్లలు మళ్లీ పుస్తకం దగ్గరికే పరుగెత్తుతారు. సోమవారం నాడు మేకపిల్ల పుస్తకం కోసం రెండు సెక్షన్ల పిల్లలు పోట్లాడుకున్నారు! మన పెద్దలు తెల్లవార్లూ కూర్చుని తోలుబొమ్మలాటలో రామాయణం చూశారు. అందులో నవ్వించే బొమ్మలు జుట్టు పోలిగాడు, బంగారక్క అంటే ఇప్పటికీ నవ్వే తాతయ్యలు మన ఇళ్లలోనే ఉన్నారు. పిల్లలకు వాళ్లతో చెప్పించండి.

మన పిల్లల గురించి చెప్పకుండా ఉండలేను. జూన్ నుంచి క్లాసులో నోరు తెరవని ఒకటో తరగతి బాబు తోడేలు మాటలన్నీ గొంతు మార్చి చెప్పాడు. రెండో తరగతి పాప ఒకతె ఆదివారం దేవరకొండ దగ్గర తండాకు వెళ్లి, కథంతా వాళ్ల నానమ్మకు లంబాడీలో చెప్పిందట. వాళ్ల నాన్న ఫోన్ చేసి ఈ మాట చెబుతుంటే నాకు చాలా సంతోషమైంది. ఇంకొకరు పాత సాక్సుతో గేదెను చేసుకొచ్చారు, కొమ్ములతో సహా.

ఇంకో మాట. అన్నం తినిపించడానికి ఫోన్ చేతికిచ్చే అలవాటు చాలా ఇళ్లలో ఉందని పిల్లలే చెబుతున్నారు. తోడేలు వల్ల నిద్ర పట్టలేదన్న పిల్లల్లో కొందరు పడుకునే దాకా ఫోన్ చూస్తున్నారని కూడా వాళ్లే చెప్పారు. మీరు మీ పిల్లల మంచే కోరతారు. కాబట్టి పడుకునే ముందు పది నిమిషాలు ఫోన్ పక్కన పెట్టి, ఒక పుస్తకం వాళ్లతో కలిసి చూడండి. చదువుతూ స్పెల్లింగులు మాత్రం అడగొద్దు. శనివారం నుంచి ప్రతి బిడ్డకూ ఒక పుస్తకం ఇంటికి పంపుతాం, చినిగినా పర్వాలేదు.

ఫీజు రెండో టర్మ్ నెలాఖరులోపు కట్టండి. ఐడీ కార్డులు వచ్చాయి. పేరెంట్స్ మీటింగ్ మూడో శనివారం. టిఫిన్‌లో చిప్స్ ప్యాకెట్లు వద్దు.

వచ్చే నెల నుంచి బుధవారం కథ పీరియడ్‌కు నానమ్మలను, అమ్మమ్మలను, తాతయ్యలను పిలుస్తున్నాం. ఏ భాషలో చెప్పినా సరే. పేర్లు క్లాస్ టీచర్‌కు ఇవ్వండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు