ఎల్లుండి ఆసుపత్రిలో చేరుతున్నాను, ఈలోగా మీకో నాలుగు మాటలు

ఎల్లుండి పొద్దున్న అడ్మిట్ అవుతున్నాను. బరువు తగ్గే ఆపరేషన్, డాక్టర్ల భాషలో బేరియాట్రిక్ సర్జరీ. అంతా అయ్యి ఇంటికొచ్చాక చెప్పుకోవాలి గానీ ముందే కృతజ్ఞతలేంటి అని మా ఆవిడ అంది. కానీ ఈ ఆపరేషన్ ఇదివరకే చేయించుకున్న గాజువాక అక్క అంతకుముందే హెచ్చరించింది: "మొదటి వారం నీకు ఫోన్ పట్టుకునే ఓపిక కూడా ఉండదు, చెప్పాల్సిందేదైనా ఉంటే ఇప్పుడే చెప్పేసెయ్" అని. పైగా నేను రుణపడింది ఆపరేషన్‌కి నన్ను తయారు చేసినవాళ్ళకి. వాళ్ళ పని పూర్తయింది. ఇక మిగిలింది డాక్టర్ల పని.

నన్ను ఎరగనివాళ్ళకి: విశాఖపట్నం అక్కయ్యపాలెంలో మాకు టిఫిన్ సెంటర్ ఉంది. వయసు 46, ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 124 కిలోలు. బీఎమ్ఐ, అంటే ఎత్తుకి బరువు ఎంత ఉందో చెప్పే కొలత, లెక్క వేస్తే 43 దగ్గర తేలింది. షుగరు, మోకాళ్ళ నొప్పులు, నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే స్లీప్ ఆప్నియా. "కాస్త నోరు కట్టుకో" అని చెప్పనివాడు ఈ పేటలో లేడు. తెల్లవారకముందే లేచి సాంబారు, మూడు రకాల చట్నీలు రుచి చూస్తేనే ఆ రోజు వ్యాపారం నడిచేవాడికి నోరు కట్టుకోమని చెప్పడం సులువే. చెప్పినవాళ్ళే మా దగ్గర ఇంకో ప్లేటు పూరీ అడిగేవాళ్ళు.

మా డాక్టరుగారి దగ్గర ఆపరేషన్ అయినవాళ్ళు, చేయించుకోబోయేవాళ్ళు కొంతమంది ఆదివారం పొద్దున్నే బీచ్ రోడ్డులో, కాళీమాత గుడి దగ్గర కలిసి సబ్‌మెరైన్ మ్యూజియం దాకా నడిచేవాళ్ళు. దానికి పేరు లేదు, ప్రెసిడెంటు లేడు, చందాలు లేవు. నన్ను రమ్మన్నారు. ఆదివారం పొద్దున్న మాకు గిరాకీ రోజు, దోసె పెనం వదిలి రాలేను అన్నాను. సరే అని వాళ్ళే మీటింగ్ సాయంత్రానికి మార్చారు. తీరా సాయంత్రం బీచ్‌లో కూర్చుంటే మురీ మిక్స్చర్ బళ్ళు, మిరపకాయ బజ్జీల వాసన, కాల్చిన మొక్కజొన్న పొత్తులు. ఎవరి మనసూ మాటల మీద నిలవలేదు. మరుసటి వారం నుంచి శివాజీ పార్కుకి మారిపోయాం. ఒక్క టిఫిన్ సెంటర్ వాడి కోసం ఇంతమంది తమ ఆదివారాన్ని అటూ ఇటూ జరుపుకున్నారు. మొదటి థాంక్స్ దీనికే.

బంధువులు, స్నేహితులు అందరూ "ఏం కాదు, భయపడకు" అన్నారు. పార్కులో వాళ్ళలో ఒక్కరు కూడా ఆ మాట అనలేదు. ఏమేం అవుతుందో చెప్పారు. మూడో వారంలో ఎందుకు చేయించుకున్నానా అని కూర్చుని ఏడ్చానని గాజువాక అక్క చెప్పింది. మూడో నెల నుంచి జుట్టు ఎలా ఊడిందో ఫోన్‌లో ఫొటో చూపించింది. మళ్ళీ వచ్చిందనుకోండి, ఇప్పుడు జడ చూస్తే ఆ ఫొటో ఆమెదేనా అనిపిస్తుంది. నాకు టెన్షన్ తగ్గింది ఇలాంటి మాటలతోనే. ఎందుకో నాకూ సరిగ్గా తెలియదు. జరగబోయేది పేరుపేరునా తెలిస్తే దాన్ని ఎదుర్కోవడానికి ఏదో ఒక ఏర్పాటు చేసుకోవచ్చు కదా, అందుకేనేమో.

స్టీల్‌ప్లాంట్‌లో పనిచేసి రిటైరైన బాబాయి గారిది బైపాస్, గుండెకి చేసేది కాదు, బరువు తగ్గడానికి పొట్టకి చేసేది. అనకాపల్లిలో ఎవరిదో పెళ్ళికి వెళ్ళి రెండు జాంగ్రీలు తిన్నారట. కాసేపట్లోనే గుండె దడ, ఒళ్ళంతా చెమటలు, కడుపులో మెలిపెట్టడం. పెళ్ళివారి గదిలో ఫ్యాన్ కింద పడుకోబెట్టారు. బైపాస్ తర్వాత తీపి పదార్థం పేగులోకి ఒక్కసారిగా దిగిపోతే ఇలా అవుతుంది, డంపింగ్ అంటారు దీన్ని. చెబుతూ ఆయన నవ్వారు, నవ్వింది మాత్రం ఆయనొక్కరే. నాలుగో ఏడు నుంచి బరువు కొంత తిరిగి వచ్చిన సంగతి కూడా ఆయనే చెప్పారు. ఆపరేషన్ ఆకలిని తగ్గిస్తుంది గానీ చెయ్యి పట్టుకుని ఆపదు అన్నారు.

నిజానికి నేను స్లీవ్ చేయించుకుందామనే వెళ్ళాను. పొట్టలో దాదాపు ముప్పావు వంతు తీసేసి సన్నటి గొట్టంలా మిగులుస్తారు. పార్కులో ఎక్కువమందికి అదే. ఎండోస్కోపీ చేస్తే నాకు ఆమ్లం పైకి ఎగదన్నే జబ్బు గట్టిగా ఉందని, హెచ్ పైలోరి బాక్టీరియా ఉందని తేలింది. బాక్టీరియాకి మందుల కోర్సు వాడించారు. ఎగదన్నే జబ్బు ఉన్నవాళ్ళకి స్లీవ్ తర్వాత అది ముదరొచ్చు, షుగరు కూడా ఉంది కాబట్టి బైపాస్ మేలు అన్నారు డాక్టరుగారు. అందులో పొట్ట పైభాగంలో దాదాపు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచి చేసి దాన్ని నేరుగా చిన్నపేగుకి కలుపుతారు. మిగతా పొట్ట లోపలే ఉంటుంది, తిండి దానిలోకి వెళ్ళదు. ఈ మాట వినగానే నేను బెదిరి, స్లీవ్ చేసే ఇంకో డాక్టర్ని వెతుకుదామా అని పార్కులో అడిగాను. స్లీవ్ చేయించుకున్నవాళ్ళు మాది మంచిదనలేదు, బాబాయి గారు మాది మంచిదనలేదు. డాక్టర్ని అడగాల్సిన ప్రశ్నలు నాతో కాగితం మీద రాయించి పంపారు. రెండో సారి వెళ్ళినప్పుడు డాక్టరుగారు ఆ కాగితం తీసుకుని ఒక్కొక్కటీ ఓపిగ్గా చెప్పారు. ఆయనకూ కృతజ్ఞతలు.

పోర్టులో పనిచేసే తమ్ముడి సంగతి వేరు. అతను పరీక్షలన్నీ చేయించుకుని, తేదీ కూడా ఖాయమయ్యాక వద్దనుకున్నాడు. 2025లో మన దేశంలోకి వచ్చిన, బరువు తగ్గించే మౌంజారో ఇంజక్షన్లు వాడుతున్నాడు, డాక్టర్ పర్యవేక్షణలోనే. అయినా ప్రతి ఆదివారం పార్కుకి వస్తాడు. నాతో అన్నాడు, "అన్నయ్యా, నీకు వద్దనిపిస్తే ఆఖరి నిమిషంలో కూడా వద్దనొచ్చు, మాలో ఎవరూ ఏమీ అనుకోరు" అని. ఆ ఇంజక్షన్లు ఆపేస్తే చాలామందికి బరువు తిరిగి వస్తుందని కూడా తనే చెప్పాడు. వెనక్కి వెళ్ళే దారి తెరిచే ఉందని ఒకరు చెప్పాక ముందుకు వెళ్ళడం నాకు తేలికైంది. తమ్ముడూ, ఈ విషయం నీకు ఎదురుగా చెప్పలేదు, ఇక్కడ చెబుతున్నాను.

ఎంవీపీ కాలనీ చెల్లెమ్మ లేకపోతే ఇన్సూరెన్స్ గొడవ నా వల్ల అయ్యేది కాదు. నా దగ్గరున్నవి ఒక ప్లాస్టిక్ కవర్ నిండా మడతలు పడ్డ కాగితాలు. ఇన్సూరెన్స్ కంపెనీలని నియంత్రించే ఐఆర్‌డీఏఐ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఈ సర్జరీకి షరతులు రాసి ఉన్నాయి: 18 ఏళ్ళు నిండి ఉండాలి, డాక్టర్ సలహా మీదే చేయించుకోవాలి, బీఎమ్ఐ 40 గానీ అంతకు మించి గానీ ఉండాలి, లేదా 35 గానీ అంతకు మించి గానీ ఉండి తీవ్రమైన స్లీప్ ఆప్నియా, అదుపులోకి రాని టైప్ 2 షుగర్, గుండె జబ్బు లాంటివి ఉండాలి. పాలసీలో వెయిటింగ్ పీరియడ్, అంటే క్లెయిమ్‌కి ముందు ఆగాల్సిన గడువు, గడిచిందా అన్నది విడిగా చూసుకోవాలి. నాకు ఇవేవీ తెలియవు. చెల్లెమ్మ మా షాపు మధ్యాహ్నం ఖాళీగా ఉన్న వేళ వచ్చి, గ్రైండర్ పక్కన బల్ల మీద కూర్చుని, నిద్ర పరీక్ష రిపోర్టు, మూడు నెలల షుగర్ సగటు, పాత ప్రిస్క్రిప్షన్లు, డాక్టర్ ఉత్తరం అన్నీ వరసలో పెట్టి ఫైలు కట్టింది. ఇన్సూరెన్స్ వాళ్ళు అడిగిన ప్రశ్నలకి జవాబులు ఆ ఫైల్లోనే దొరికాయి. కాఫీ తప్ప ఏమీ తీసుకోలేదు, అదీ చక్కెర లేకుండా.

ఇక చిన్న చిన్నవి. వీటిని డాక్టర్లు చెప్పరని కాదు, చెప్పడానికి వాళ్ళకి అంత సమయం ఉండదు. స్లీప్ ఆప్నియాకి రాత్రి పూట గాలి అందించే సీపాప్ మిషను మాస్కు పెట్టుకుంటే ఊపిరాడక పీకేసేవాణ్ణి. మెలకువగా ఉన్నప్పుడే టీవీ చూస్తూ పెట్టుకుని అలవాటు చేసుకోమని బాబాయి గారు చెప్పారు. వారంలో దారిలోకి వచ్చింది. మూడు బంతులు ఉండే ఊపిరితిత్తుల వ్యాయామం డబ్బా ఒకటి ఇస్తారు. నేను దాన్ని బలంగా ఊదుతూ కూర్చున్నాను, బంతి కదిలితే ఒట్టు. ఊదడం కాదు, కొబ్బరి బోండాంలో స్ట్రా వేసి లాగినట్టు లోపలికి లాగాలని పోర్టు తమ్ముడు చూపించాడు. మోకాళ్ళకి మింగే నొప్పి మాత్రల్లో కొన్ని బైపాస్ అయినవాళ్ళకి కుట్టు దగ్గర పుండు తెప్పిస్తాయి, సిగరెట్టూ అంతే, రెంటి గురించీ ముందే డాక్టర్‌తో మాట్లాడు అని గుర్తుచేసింది గాజువాక అక్కే. బీ12, ఐరన్, కాల్షియం, విటమిన్ డి మాత్రలు జీవితాంతం వేసుకోవాలన్నది కూడా ఆమె దగ్గరే ఒంటపట్టింది.

నీళ్ళ విషయంలో అక్క నాతో నిజంగా సాధన చేయించింది. ఆపరేషన్ తర్వాత తింటూ తాగకూడదు, తిన్నాక అరగంట ఆగాలి, ముద్ద మెత్తగా అయ్యేదాకా నమలాలి. చిన్న కప్పు, చిన్న చెంచా కొనిపించి, పదకొండు దాటాక షాపులో కూర్చోబెట్టి ఒక ఇడ్లీ తినడానికి ఎంతసేపు పడుతుందో చూడమంది. నేను చేసిన ఇడ్లీనే అంత నెమ్మదిగా తింటే ఉప్పు కొంచెం తక్కువైందని తెలిసింది.

చివరి రెండు వారాల పథ్యం అన్నిటికంటే కష్టం. పిండి పదార్థాలు బాగా తగ్గించి ప్రోటీన్ షేకులు, గుడ్డు తెల్లసొన, పెరుగు, ఉడికిన కూరలు. లివర్‌లో పేరుకున్న కొవ్వు తగ్గి అది చిన్నదైతే, చిన్న రంధ్రాల గుండా పని చేసే సర్జన్‌కి పొట్ట దగ్గర చోటు దొరుకుతుంది. అందుకే ఈ పథ్యం. తిండి తగ్గితే షుగర్ పడిపోయే ప్రమాదం ఉందని మందులు డాక్టరే తగ్గించారు. కారణం తెలిశాక సహించగలిగాను గానీ, ఇడ్లీ పాత్ర మూత తీసినప్పుడల్లా వచ్చే ఆవిరికి కారణాలు తెలియవు కదా. రుచి చూసే పని మా వంట కుర్రాడికి అప్పగించాను. "ఈమధ్య సాంబారులో కారం పెరిగింది" అన్న కస్టమర్లకి క్షమాపణలు, వాడిది శ్రీకాకుళం. ఆ రెండు వారాలూ రోజూ రాత్రి ఎవరో ఒకరు ఫోన్ చేసేవాళ్ళు. కౌంటర్ మూసి డబ్బు లెక్కపెట్టేటప్పుడు మిగిలిన గారెలు తినడం నాకు అలవాటని ఒకసారి నోరు జారి చెప్పాను. సరిగ్గా ఆ వేళకే ఫోన్ మోగేది.

అందరికంటే మా అమ్మని ఒప్పించడం కష్టమైంది. "కడుపు కట్టుకుని బతికినోళ్ళని చూశాను గానీ కడుపు కోయించుకుని బతకడమేటిరా" అని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నేను బొమ్మలు గీసి చెప్పినా, డాక్టరుగారు చెప్పినా వినలేదు. గాజువాక అక్క వాళ్ళ అత్తగారు ఒక మధ్యాహ్నం ఆటో కట్టించుకుని మా ఇంటికి వచ్చారు. ఇద్దరూ ముందు సింహాచలం చందనోత్సవం గురించి, తర్వాత మోకాళ్ళ గురించి, ఆ తర్వాత కోడళ్ళ గురించి మాట్లాడుకున్నారు. వెళ్ళేముందు ఆవిడ అన్నారట, "మా కోడలు మర్నాడే లేచి నడిసింది వదినా. మీరు చెయ్యాల్సింది ఒకటే, తిను తిను అనకండి." అమ్మ ఆ రాత్రే నాకు పప్పుకట్టు ఎంత పలచగా కాయాలో అడిగింది.

మీ అందరికీ, పేర్లు రాయనివ్వలేదు కాబట్టి ఊరి పేర్లతోనే, కృతజ్ఞతలు. అక్క వాళ్ళ అత్తగారికి విడిగా నమస్కారాలు.

ఇక పనిమాటలు. షాపు మూయడం లేదు, మా ఆవిడ, కుర్రాడు చూసుకుంటారు. చూడటానికి వచ్చేవాళ్ళు మొదటి వారం ఆగండి, వచ్చినప్పుడు బత్తాయిలు, హార్లిక్స్ సీసాలు, స్వీట్లు తేకండి. చెల్లెమ్మ కట్టిన ఫైల్లో ఏయే కాగితాలు ఏ వరసలో పెట్టాలో రాసిన జాబితా, డాక్టర్ని అడగాల్సిన ప్రశ్నల కాగితం జిరాక్స్ తీయించి కౌంటర్ దగ్గర పెట్టాను. ఈ ఆపరేషన్ ఆలోచనలో ఉన్నవాళ్ళు ఎవరైనా వచ్చి తీసుకోండి. పొద్దున్న పదకొండు తర్వాత రండి, అంతకుముందు అడిగితే మా ఆవిడ టోకెన్ ఇచ్చేస్తుంది.