కాలేజీ సీటు, ఇంట్లోని ఫోన్

పదో తరగతి పిల్లల తల్లిదండ్రులకు నమస్కారం.

డిగ్రీలో చేరాలంటే ఒకప్పుడు ఏ కాలేజీ దరఖాస్తు ఆ కాలేజీలోనే కొని, నింపి, లైన్లో నిలబడి ఇచ్చేవాళ్లం. మన రాష్ట్రంలో 2020 నుంచి డిగ్రీ సీట్లూ ఆన్‌లైన్‌లోనే ఇస్తున్నారు. ఇంజినీరింగ్‌కి వెబ్ కౌన్సెలింగ్ అంతకుముందే వచ్చింది. విజయనగరంలోని కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం లాంటి చోట్లకైతే 2022 నుంచి సీయూఈటీ అనే దేశవ్యాప్త ఉమ్మడి ప్రవేశ పరీక్ష రాయాలి. ఇంకో రెండు నెలల్లో మీ పిల్లలకు పనికొచ్చేది పదో తరగతి కాగానే చేరి ఇంజినీరింగ్ దాకా చదివే ట్రిపుల్ ఐటీ. మన ఎచ్చెర్ల క్యాంపస్‌లో కూడా సీటు పదో తరగతి మార్కుల మీదే, దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే.

తిరుగుళ్లు, బస్సు చార్జీలు తగ్గాయి, సంతోషమే. కానీ పిల్లలు ఎక్కడ చదవాలన్నది మన చేతుల్లోంచి జారిపోతోందని నాకు బెంగగా ఉంది.

మన ఊళ్ల నాన్నలు చాలామంది చెన్నైలోనో హైదరాబాద్‌లోనో పనుల్లో ఉంటారు. పాప ఇక్కడ నెట్ సెంటర్లో కూర్చుంటే, ఓటీపీ అక్కడ సెంట్రింగ్ పనిలో ఉన్న నాన్న ఫోన్‌కి వెళ్తుంది. ఆయన చూసుకునేసరికి టైమ్ అయిపోతుంది. "పోనీ నా నంబరు పెట్టేస్తానమ్మా" అంటాడు సెంటర్ అబ్బాయి. ఇక సీటు ఎక్కడొచ్చిందో, ఎప్పటిలోగా చేరాలో అన్నీ అతని ఫోన్‌కే వస్తాయి. దయచేసి అలా చేయొద్దు. ఇంట్లో ఉండే అమ్మ నంబరే ఇవ్వండి. పిల్ల కాలేజీలో చేరేదాకా ఆ సిమ్ మార్చకండి, రీచార్జ్ ఆపకండి.

ఇక పీఆర్వోలు, అంటే ప్రైవేటు కాలేజీల తరఫున పిల్లల్ని చేర్పించేవాళ్లు. పరీక్షలు అవ్వగానే ఇళ్లకు వచ్చి, "సీటు సంగతి మేం చూసుకుంటాం, మెమో, ఆధార్ ఇవ్వండి చాలు" అంటారు. ఇక్కడ చదివి ఇంటర్ పూర్తి చేసిన ఒక అమ్మాయి పోయినేడు శ్రీకాకుళం ప్రభుత్వ మహిళా కాలేజీలో బీఎస్సీ చదవాలనుకుంది. ఆమె లాగిన్ తెరిచి చూస్తే ఆప్షన్లలో, అంటే కోరుకున్న కాలేజీల జాబితాలో, ఒక్క ప్రైవేటు కాలేజీ పేరే ఉంది. అది పెట్టింది ఆమె కాదు. ఓటీపీ చెప్పింది మాత్రం ఇంట్లోవాళ్లే.

ఆప్షన్ల వరుసే అసలు నిర్ణయం. కంప్యూటర్ పైనుంచి ఒక్కొక్కటే చూస్తూ, మీ ర్యాంకుకో మార్కులకో ఎక్కడ సీటు దొరికితే అక్కడే ఇచ్చేస్తుంది. దాని కింద ఉన్నవాటి జోలికి పోదు. అందుకే పిల్లకి బాగా ఇష్టమైనదాన్ని మొట్టమొదట పెట్టాలి. "మనకెక్కడ వస్తుందిలే" అని వదిలేసేవాళ్లే ఎక్కువ. పైన పెట్టినది రాకపోయినా దానివల్ల కిందివాటికి ఏ నష్టమూ లేదు.

ఇంకొకటి, ఆధార్‌లో లక్ష్మి, బడి రికార్డులో మహాలక్ష్మి అని ఉంటే మెమో రాకముందే సరిచేయించుకోండి. కుల, ఆదాయ ధ్రువపత్రాలకు గ్రామ సచివాలయంలో ఇప్పుడే అర్జీ పెట్టండి.

వచ్చే రెండు శనివారాలు మధ్యాహ్నం బడి కంప్యూటర్ గది తెరిచే ఉంటుంది. పిల్లని, ఫోన్‌ని, ఆధార్‌ని వెంటబెట్టుకుని రండి. ఊళ్లో లేని నాన్నలతో వీడియో కాల్‌లో మాట్లాడదాం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు
జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల, శ్రీకాకుళం జిల్లా