కప్పు మీద వాన, గేటు దగ్గర ట్యాంకర్: అండమాన్ లెఫ్టినెంట్ గవర్నర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అండమాన్ నికోబార్ దీవుల లెఫ్టినెంట్ గవర్నర్ గారికి,

నమస్కారం. ఉత్తరం తెలుగులో రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి. 2011 జనాభా లెక్కల ప్రకారం మీ దీవుల్లో ప్రతి వందమందిలో 13 మంది మాతృభాష తెలుగు. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత వరస మాదే. మీ ఆఫీసులోనే దీన్ని చదివి చెప్పేవాళ్లు దొరుకుతారని నా ధైర్యం.

నేను నీటిపారుదల శాఖలో 33 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఉండేది విశాఖపట్నంలో. మా అమ్మాయి, అల్లుడు పట్టుబట్టి టికెట్లు చేయిస్తే ఫిబ్రవరి ఆఖర్లో నేనూ మా ఆవిడా హేవ్‌లాక్‌లో నాలుగు రాత్రులు ఉండి వచ్చాం. 2018 డిసెంబర్ 30న ఆ దీవికి స్వరాజ్ ద్వీప్ అని పేరు పెట్టిన సంగతి తెలుసు. కానీ జెట్టీలో ఆటోవాళ్ల దగ్గర్నుంచి మా పక్క కాటేజీ వాళ్ల దాకా అందరూ హేవ్‌లాక్ అనే అంటున్నారు. నాకూ అదే నోట్లో పడిపోయింది.

ముందు ఒక మాట చెప్పాలి, లేకపోతే ఈ ముసలాయన ఫిర్యాదులు చేయడానికే పుట్టాడనుకుంటారు. అంత అందమైన సముద్రం నేను చూడలేదు. అక్కడ ఊళ్లకు పేర్లున్నా బీచ్‌లను మాత్రం నంబర్లతో పిలుస్తారు: మూడు, అయిదు, ఏడు. మేం దిగింది అయిదో నంబరు, అంటే విజయనగర్ వైపు. పొద్దున ఆరుకల్లా ఎండ మొహం మీద పడుతుంది. ఆటు వచ్చినప్పుడు సముద్రం ఎంతో దూరం వెనక్కి పోయి, రాళ్ల మధ్య మడుగుల్లో చిన్న చిన్న పీతలు మిగులుతాయి. ఏడో నంబరు రాధానగర్. దానికీ మా రుషికొండకీ ఒకే ఏడాది, 2020లో, శుభ్రమైన బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు బ్లూ ఫ్లాగ్ వచ్చింది. రుషికొండ మీద నాకు ఎంత అభిమానమున్నా సరే, పోటీ లేదు.

ఇక అసలు సంగతి. రెండో రోజు పొద్దున్నే గది శుభ్రం చేసే కుర్రాడు తలుపు కొట్టాడు. మా మాటలు విని తెలుగులోకి దిగాడు. పుట్టింది పోర్ట్ బ్లెయిర్‌లో (2024 నుంచి దాని పేరు శ్రీ విజయపురం), జంగ్లీఘాట్‌లో. తాతలది సోంపేట దగ్గరట. "అంకుల్, స్నానాలు తొమ్మిదిలోపు కానిచ్చేయండి. తర్వాత పైపులో ధార సన్నబడిపోతుంది. మళ్లీ ట్యాంకర్ వచ్చాకే," అన్నాడు. రాత్రికి తొమ్మిది వేలు కట్టిన గది అది. మా ఆవిడ నా వైపు చూసి ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ.

ఆ గదిలో బాత్‌టబ్ కూడా ఉంది. పాత అలవాటు కొద్దీ కొలిచి చూశాను. మనిషి కూర్చునే మట్టానికి నింపితే 200 లీటర్లు పడుతుంది. జల్ జీవన్ మిషన్ లెక్కలో పల్లెటూరి మనిషికి రోజంతటికీ ఇవ్వాల్సింది 55 లీటర్లు. అంటే ఒకరు ఒక్కసారి తొట్టిలో నడుం వాల్చి లేస్తే ఇంచుమించు నలుగురి కోటా కాలవలోకి పోయినట్టు.

పదిన్నరకు గేటు దగ్గర ట్యాంకర్ వెనక్కి తిరుగుతున్న చప్పుడయింది. పనేం లేదు కదా అని వెళ్లి నిలబడ్డాను. డ్రైవరు గొట్టం దించి సంపులో పెట్టాడు. గొట్టం అతుకు దగ్గర పాత లుంగీ ముక్క చుట్టి ఉంది. అందులోంచి నీళ్లు కారి ఇసుకలో ఇంకుతున్నాయి. గోడ అవతల నుంచి ఒక పెద్దావిడ అల్యూమినియం బిందె పట్టుకొచ్చి సరిగ్గా ఆ కారే చోట పెట్టింది. డ్రైవరు ఆవిడని చూసి కాస్త పక్కకు జరిగాడు. రోజూ జరిగేదే అయ్యుంటుంది. బిందె నిండటానికి పన్నెండు నిమిషాలు పట్టింది, గడియారం చూస్తూనే ఉన్నాను. ఆవిడ బిందె ఎత్తుకుని వెళ్తూ, కొంగుతో అంచు తుడుచుకుంది. వెనక్కి తిరిగి చూస్తే ఈతకొలను. నీలం పలకలు, నిండా నీళ్లు, మనిషి లేడు. రెండు నిమిషాలు నడిస్తే సముద్రం.

మేనేజర్‌ని అడిగాను. మర్యాదస్తుడే. "ఏం చేస్తాం సార్, ఫిబ్రవరి కదా, వాన లేదు," అన్నాడు.

అయ్యా, ఈ మాట దగ్గరే నాకు చిర్రెత్తుకొచ్చింది. అండమాన్‌లో ఏడాదికి ఇంచుమించు 3,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. మా విశాఖలో పడేదానికి రెండున్నర రెట్లకు పైనే. మే నుంచి డిసెంబర్ దాకా రెండు రుతుపవనాలూ వంతులేసుకుని తడుపుతాయి. తగ్గేది జనవరి నుంచి ఏప్రిల్ దాకా. ఖర్మ ఏంటంటే, సముద్రం నెమ్మదించేదీ, పడవలు సరిగ్గా తిరిగేదీ, మాలాంటివాళ్లు తండోపతండాలుగా వచ్చేదీ ఆ నెలల్లోనే. బావుల్లో నీళ్లు అడుగంటే వేళకు ఊరి మీదకు చుట్టాలొచ్చినట్టు.

ఆ మధ్యాహ్నం మా ఆవిడ పడుకుంటే నేను కాటేజీల కప్పులు చూస్తూ తిరిగాను. ఒక్క చూరుకీ నీళ్లు పట్టే పైపు లేదు. ప్రతి చూరు కింద నేల మీద సన్నగా గీత, వానధార పడి పడి ఇసుక కొట్టుకుపోయి గులకరాళ్లు తేలిన గీత. ఎనిమిది నెలల వాన సంతకం అది. అదంతా ఎటు పోయిందో చెప్పక్కర్లేదు కదా.

మా అమ్మమ్మ చదువుకోలేదు. వాన మొదలవగానే చూరు కింద ఇత్తడి గుండిగ పెట్టేది. మొదట నిండిన గుండిగ నీళ్లు మొక్కలకు పోసేసేది. "పెంకు కడిగిన నీళ్లు తాగకూడదురా," అనేది. రెండోసారి నిండినవి గుడ్డ వాసెన కట్టి గోలెంలో పోసేది. తర్వాత ఇంజినీరింగ్‌లో ఇదే సంగతి మాకు ఇంగ్లీషు పేరుతో, బొమ్మ వేసి మరీ చెప్పారు.

లెక్క చూడండి. కాటేజీ కప్పు 50 చదరపు మీటర్లు అనుకుందాం. దాని మీద ఏడాదిలో పడే వాన లక్షా యాభై వేల లీటర్లు. చిందిందీ ఆవిరయిందీ అమ్మమ్మ మొదటి గుండిగా తీసేసినా లక్షా ఇరవై వేలు చేతికొస్తుంది. ఇప్పుడు ఖర్చు. నేషనల్ బిల్డింగ్ కోడ్‌లో మామూలు ఇంట్లో మనిషికి రోజుకి 135 లీటర్లు, మూడు నక్షత్రాల దాకా హోటళ్లకు 180, నాలుగు నక్షత్రాలు ఆపైన వాటికి 320. పెద్ద అంకే వేసుకుందాం, బాత్‌టబ్ వాళ్లను కూడా నొప్పించకుండా. ఇద్దరు మనుషులు, 120 రోజులు, రోజుకి తలా 320 చొప్పున 76,800 లీటర్లు. అంటే ఆ గది కప్పు మీద పడిన వానే ఆ గదికి నాలుగు నెలల ఎండనీ దాటిస్తుంది, ఇంకా మిగులుతుంది. దాచుకోవడానికి కావలసింది ఆరున్నర మీటర్ల పొడవు, ఆరు మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల లోతున మూత ఉన్న తొట్టి. ఈతకొలను తవ్వగలిగినవాళ్లకు ఇది చేతకాదని ఎవరైనా అంటే నేను నమ్మను.

కాగితం మీద వాననీటి సంరక్షణ అని రాసి, ఓ మూల ఇంకుడు గుంత చూపిస్తే సరిపోదండీ. మా రాష్ట్రంలో ఇంకుడు గుంతలు తవ్వించినవాణ్ణే, వాటి మీద నాకు గౌరవముంది. కానీ ఒడ్డు పక్క ఇసుకలో ఇంకినదాంట్లో చాలా భాగం సముద్రంలోకే జారిపోతుంది. అక్కడ ఇంకించడం కంటే దాచడం ముఖ్యం.

ఇంకో భయం కూడా ఉంది. తీరం దగ్గర భూమిలో మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. బరువు తేడా వల్ల, మంచినీటి మట్టం సముద్రమట్టం కంటే ఒక అడుగు ఎత్తున ఉంటే దాని కింద సుమారు 40 అడుగుల మంచినీరు నిలబడుతుందని పాఠం. తిరగేసి చదివితే, పైన ఒక అడుగు తోడేస్తే కింద ఉప్పునీరు 40 అడుగులు పైకి జరుగుతుంది. నేలను బట్టి అంకె మారుతుంది గానీ దిశ మారదు. ఒక రిసార్ట్ రాత్రంతా మోటారు నడిపితే ముందు ఉప్పెక్కేది దాని బోరు కాకపోవచ్చు, గోడ అవతలి పెద్దావిడ బావి కావచ్చు. ఒకసారి ఉప్పెక్కిన బావి మళ్లీ తియ్యబడటానికి ఎన్ని వానాకాలాలు పడుతుందో మా తీరంలో రొయ్యల చెరువుల పక్కన పొలమున్న రైతుని అడిగితే చెప్తాడు.

2011 లెక్కల్లో హేవ్‌లాక్ జనం ఆరు వేల పైచిలుకు. మొత్తం దీవులన్నీ కలిపినా 3.8 లక్షలు. 2023 జులైలో ప్రారంభించిన పోర్ట్ బ్లెయిర్ విమానాశ్రయం కొత్త టెర్మినల్ ఏడాదికి 50 లక్షల మంది ప్రయాణికుల కోసం కట్టింది. మంచిదే, మేమూ అందులోంచే వచ్చాం. దిగినవాళ్లందరూ పళ్లు తోముకుంటారన్న ఆలోచన కూడా ఆ ప్లానులో పక్కన ఎక్కడైనా రాసి ఉంటుందని ఆశ.

కాబట్టి నేను అడిగేది ఇది. కొత్తగా ఒక్క గదికి అనుమతి ఇవ్వాలన్నా, ఆ గదికి సరిపడా వాననీటి తొట్టి కట్టి చూపించాకే ఇవ్వండి. ప్లానులో గీత చాలదు, మనిషిని పంపి లోతు కొలిపించండి. ఉన్న రిసార్టులకు రెండు వానాకాలాలు గడువివ్వండి. ట్యాంకర్ నీళ్లతో జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఈతకొలను నింపకూడదని ఒక్క ఉత్తర్వు చాలు. సముద్రం ఎదురుగా పెట్టుకుని కొలను లేదని వెనక్కి పోయే టూరిస్టు ఉంటే పోనివ్వండి. అన్నిటికంటే తేలికైనది మీటరు. ప్రతి రిసార్టుకీ నీటి మీటరు బిగించి, నిన్న తలకి ఎన్ని లీటర్లు వాడారో రిసెప్షన్‌లో బోర్డు మీద వైఫై పాస్‌వర్డ్ పక్కనే రాయించండి. బిల్లులో అన్నీ విడివిడిగా వేస్తారు, నీళ్లు తప్ప. ఒడ్డు పక్క బావుల్లో నెలకోసారి ఉప్పు కొలిపించి, ఆ అంకె పంచాయతీ గోడ మీద బెంగాలీలో, హిందీలో రాయిస్తే ఊళ్లోవాళ్లే కాపలా కాస్తారు.

రెండు గదులు అద్దెకిచ్చుకుని బతికే ఇళ్లవాళ్ల మెడకు మాత్రం ఇది ఉరి కాకూడదు. వాళ్లకు తొట్టికి అప్పు ఇప్పించండి. 1950లలో తూర్పు బెంగాల్ నుంచి శరణార్థులుగా వచ్చి ఆ అడవిలో నిలదొక్కుకున్న కుటుంబాల పిల్లలు వాళ్లు.

సముద్రపు నీటిని మంచినీరు చేసే యంత్రం పెడదామని మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. చివరికి అవసరం పడవచ్చు, కాదనను. కానీ డీజిల్‌తో కరెంటు చేసుకునే చోట, ఆకాశం ఊరికే ఇచ్చినదాన్ని ఇసుకలోకి వదిలేసి, సముద్రంలోంచి డబ్బు పోసి తోడుకోవడం నాకు ఎబ్బెట్టుగా ఉంది. ముందు చూరు, తర్వాత యంత్రం. ఇక వాడిన నీళ్లు ఎటు పోతున్నాయో, పగడపు దిబ్బల మీదకు ఏం చేరుతోందో, అది ఇంకో ఉత్తరమంత ఉంది. ఇప్పుడు ఎత్తుకోను.

నేనేమీ కడిగిన ముత్యాన్ని కాను. మొదటిరోజు ప్రయాణపు బడలికలో పావుగంట షవర్ కింద నిలబడ్డాను. ఆ నీళ్లు ఎక్కడివో నాకు అప్పటికి తెలియదు. తెలిసుంటే అయిదు నిమిషాల్లో వచ్చేవాణ్ణి. అందుకే ఆ బోర్డు మాట ఇంత గట్టిగా చెప్తున్నాను.

గది ఖాళీ చేసే రోజు ఒక ఫారం ఇచ్చారు. దిండు మెత్తగా ఉందా, టిఫిన్ వేడిగా ఉందా, సిబ్బంది నవ్వుతూ పలకరించారా అని గళ్లు. నీళ్లకు గడి లేదు. వెనకవైపు ఇందాకటి లెక్కంతా వేసి ఇచ్చాను. మేనేజర్ నిలబడే చదివి, "76,800 దగ్గర రోజులు 120 పెట్టారు, మాకు మార్చి ఆఖరుకే జనం తగ్గుతారు సార్," అని, కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. అంటే తొట్టి ఇంకా చిన్నదైనా చాలన్నమాట.

కుర్రాడు మా పెట్టెలు ఆటోలో పెట్టి, "మళ్లీ ఎప్పుడొస్తారు ఆంటీ?" అని అడిగాడు.

"ఈసారి వానల్లో వస్తాం నాన్నా, నీళ్లుంటాయిగా," అంది మా ఆవిడ.

"వానల్లో పడవలు క్యాన్సిలైపోతాయి ఆంటీ," అన్నాడు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ నీటిపారుదల ఇంజినీరు,
విశాఖపట్నం.