జలవనరుల మంత్రిగారికి బహిరంగ లేఖ: మా నీళ్ల లెక్క మాకు చెప్పండి సార్

గౌరవనీయులైన రాష్ట్ర జలవనరుల శాఖ మంత్రిగారికి, చిత్తూరు జిల్లా పడమటి మండలాల నుంచి ఒక బోరు రైతు నమస్కరించి రాసుకుంటున్న విన్నపం.

అర్జీలు ఇచ్చి ఇచ్చి ఇక ఇలా అందరి ముందూ రాయాల్సి వస్తోంది, ఏమీ అనుకోవద్దు. ఇచ్చిన ప్రతి అర్జీకీ ఫోన్‌కి మెసేజ్ మాత్రం ఠంచనుగా వచ్చింది సార్, "మీ సమస్య పరిష్కరించబడినది" అని. పరిష్కరించింది ఎవరో తెలిస్తే వెళ్లి ఒక దండ వేసి వద్దామని ఉంది. నేను బోరు అడగలేదు, సబ్సిడీ అడగలేదు. మా ఊరి కింద నీళ్లు ఎంత ఉన్నాయో సేద్యం మొదలుపెట్టకముందే చెప్పమన్నాను, అంతే.

రైతులే తమ భూగర్భజలాన్ని కొలిచి లెక్క చూసుకునే ఏపీఫామ్‌గ్స్ ప్రాజెక్టు గురించి మీకు నేను చెప్పాలా? ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ, నెదర్లాండ్స్ డబ్బు, ఏడు కరువు జిల్లాలు, అందులో మాదీ ఒకటి. ఫైళ్లలో ఏం రాసుకున్నారో గానీ పల్లెల్లో జరిగింది మేం చూశాం. పాలకేంద్రం గోడకు నల్ల రంగు పూసి గళ్లు గీశారు. ఎంచుకున్న బోర్లలోకి టేపు దించేవాళ్లు, కొన నీళ్లకు తగలగానే బీప్‌మని మోగేది, ఎన్ని అడుగుల్లో తగిలిందో పుస్తకంలో ఎక్కించి గోడ మీదా రాసేవాళ్లు. బోరు కింద డ్రమ్ము పెట్టి ఎన్ని సెకన్లకు నిండుతుందో వాచీ చూసి రాసేవాళ్లు. రెయిన్‌గేజి చూసే పని ఆడవాళ్లు తీసుకున్నారు, మగవాళ్లకైతే పొద్దున ఎనిమిదిన్నరకి టీ కొట్టు దగ్గర పని ఉంటుంది కదా!

రబీ ముందర అందరూ కూర్చునేవాళ్లు. ఇంత వాన పడింది, ఇంత భూమిలోకి దిగింది, ఇప్పటికే ఇంత తోడేశాం, మిగిలింది ఇంత, మీరంతా పెడతామంటున్న పంటలకు కావాల్సింది ఇంత. చాలదు అని తేలిన సంవత్సరం గొడవలే గొడవలు. కానీ ఇంటికి పోయాక చాలామంది నోరు మూసుకుని రెండు కయ్యల వరి తగ్గించి వేరుశనగ వేసుకున్నారు. ఎవరూ జరిమానా వేయలేదు, పోలీసులు రాలేదు. 2010లో ప్రపంచ బ్యాంకు మన దేశ భూగర్భజలాల మీద వేసిన నివేదికలో కూడా ఈ పనిని మెచ్చుకుంది. మెచ్చుకోవడం అయింది, ప్రాజెక్టు గడువు అయింది, టేపు పట్టుకుపోయారు. ఇప్పుడు ఆ గోడ మీద సిమెంటు కంపెనీ ప్రకటన ఉంది.

ఇంకో తమాషా వినండి. 2019 డిసెంబరులో కేంద్రం అటల్ భూజల్ యోజన అని పెట్టింది, పంచాయతీలే నీటి బడ్జెట్ వేసుకోవాలంటూ. మన రైతులు ఎప్పుడో చేసి చూపించిందే కదా! ఏడు రాష్ట్రాలకు ఇచ్చారు, పక్కనున్న కర్ణాటకకి ఇచ్చారు, మనకు లేదు. ఎందుకు లేదని ఢిల్లీలో ఎవరైనా గట్టిగా అడిగారా సార్?

పరిశోధన జరగట్లేదని మాత్రం అనను. బాగానే జరుగుతోంది. టోపీలు పెట్టుకుని కాలేజీ పిల్లలు వస్తారు, సీసాల్లో బోరు నీళ్లు పడతారు, జీపీఎస్‌లో నొక్కుకుంటారు, ఎన్ని ఎకరాలు, ఎన్ని అడుగులు, ఎంత అప్పు అని అడుగుతారు. మజ్జిగ ఇచ్చి అన్నీ చెబుతాం. ఆ తర్వాత వాళ్లకు డిగ్రీ వస్తుందేమో, మాకు మాత్రం ఒక్క కాగితం తిరిగి రాదు. ఆ నీళ్లలో ఫ్లోరైడ్ ఉందా లేదా అన్నది కూడా చెప్పరు, తాగేది మేం! బడి వెనక పీజోమీటర్ ఉంది, అంటే భూమిలో నీళ్ల మట్టం కొలిచే ప్రభుత్వ బోరు, దానికి బోను, బోనుకి తాళం. లోపల నీళ్ల మట్టం దానంతట అదే నమోదై ఎక్కడికో పోతుందట, ఆన్‌లైన్‌లో మీటర్లలో కనబడుతుందట. విజయవాడలో కూర్చుని చూసే సార్లకు మా ఊరి నీళ్లు తెలుసు, దాని పక్కనే మడి కట్టేవాడికి తెలియదు.

తెలియకపోతే ఏమవుతుందో చెబుతాను. మాది గట్టిరాయి నేల. పైనున్న మెత్తరాయిలో ఊరిందే నీళ్లు, దాని కింద బండ, బండలో పగులు తగిలితే తడి, లేకపోతే తెల్ల దుమ్ము. అయినా టెంకాయ చేతిలో పెట్టుకుని బోరు పాయింట్ చూసేవాడు వస్తాడు, తమిళనాడు తిరుచెంగోడు నుంచి బోరు బండి వస్తుంది, రాత్రంతా రాడ్డు మీద రాడ్డు దిగుతుంది. వెయ్యి అడుగులకి దుమ్ము తప్ప ఏమీ రాకపోయినా "ఇంకో రెండు రాడ్లు చూద్దాం అన్నా" అంటాడు డ్రైవరు. చూద్దాం అంటాం, ఏం చేస్తాం! ఆ టెన్షన్‌లో వద్దనే ధైర్యం ఎవరికుంటుంది? పొద్దున్నే బండి వెళ్లిపోతుంది, వడ్డీ మొదలవుతుంది. పాత బోర్లు ఎందుకు ఎండాయో తెలిసుంటే, ఆ మట్టం గోడ మీద కనబడుతుంటే, సగం మంది ఆ బండిని పిలిచేవాళ్లే కాదు.

ప్రభుత్వాలు చేసింది చూస్తే నవ్వొస్తుంది. నీరు, భూమి, చెట్లను కాపాడే 2002 వాల్టా చట్టం ప్రకారం నీళ్లు అతిగా తోడేసిన ఊళ్లలో సేద్యానికి కొత్త బోరు వేయకూడదు. 2020లో జలకళ పేరుతో ఉచితంగా బోర్లు వేయిస్తామన్నదీ ప్రభుత్వమే. ఒక పార్టీని అనట్లేదు, ఎవరొచ్చినా ఇదే తంతు.

హంద్రీ-నీవా కాలువ ఉంది కదా అంటారని తెలుసు. 2025 ఆగస్టులో కుప్పంలో జలహారతి ఇచ్చారు, సంతోషం, శ్రీశైలం నీళ్లు ఇంత దూరం రావడం చిన్న విషయం కాదు. కానీ కాలువకు ఎగువన, గుట్టల మధ్యనున్న పల్లెల మాటేమిటి? వచ్చిన నీళ్లతో చెరువులు నింపినా అందులో ఎంత ఇంకింది, ఎన్నాళ్లు నిలిచింది అని కొలవకపోతే మళ్లీ పాత కథే. 2021 నవంబరు వానలకు చెరువులన్నీ నిండి మొరవ పారాయి, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని ఊళ్లు ఖాళీ చేయించారు. అంత నీళ్లొచ్చాక మా బోర్లలో ఎంత ఎక్కింది, అది ఎన్నాళ్లకు అయిపోయింది? మీ దగ్గర తప్పకుండా లెక్క ఉంటుంది. ఆ లెక్క మా దాకా రాలేదు. నీళ్లున్నాయి కదా అని అందరూ వరి, టమోటా పెట్టుకుంటూ పోయారు, ఆపేవాళ్లేరీ?

కాబట్టి సార్, మళ్లీ అదే అడుగుతున్నాను. పీజోమీటర్ అంకెను నెలనెలా తెలుగులో, అడుగుల్లో, మా ఊరి సచివాలయం గోడ మీద రాయించండి. మా నీళ్లు పట్టుకుపోయినవాళ్లు ఫలితం చెప్పి పోవాలని ఒక ఉత్తర్వు ఇవ్వండి. ఈ రబీ ముందర నీటి లెక్క వేయడానికి భూగర్భజలం తెలిసినవాళ్లను ఒక్కరిని, ఒక్క పూట పంపించండి. వరి పెట్టాలా, ఉలవలు చల్లుకోవాలా అన్నది మేం తేల్చుకుంటాం. మనిషిని పంపలేకపోతే ఆ బీప్‌మనే టేపైనా ఒకటి ఇప్పించండి సార్, బ్యాటరీలు మేమే వేసుకుంటాం.

ఇట్లు,
పడమటి మండలాల బోరు రైతు,
చిత్తూరు జిల్లా